మా గుట్టకు గాలి లేదు

గుట్ట ఎక్కే బాటకు అడ్డంగా కట్టిన తాడుకు వేపమండలు, నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు వరసగా వేలాడుతున్నాయి. వాటి నడిమధ్యన మా ఆయన ఫోటో వేలాడుతోంది.

మా ఆయన రమాకాంత్ ట్రాలీ ఆటో ఆపి దిగాడు. వెనకాలే నేనూ దిగాను. ట్రాలీ మీద మడిచి కట్టిన మా ఎగిరే రెక్క ముందుకూ వెనక్కూ బారెడేసి పొడుచుకొచ్చి ఉంది. మొన్ననే ఈ గద్దలపాడు జనం "ఎగురుండ్లి బిడ్డా, గుట్టేమన్న అరిగిపోతదా" అని మాకు చాయ్ పోసి పంపారు. ఆ చాయ్ పోసిన కట్టయ్య తాతే ఇప్పుడు తాడుకు అవతల, మేకల మధ్య, కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది తాతా?" అన్నాను.

"ఆగుండ్లి. ఆ ఫోటోల మనిషిని గుట్ట ఎక్కనియ్యద్దని ఊరంత అనుకున్నం."

తాత ఫోటో వైపు చూశాడు. మా ఆయన వైపు చూశాడు. మళ్లీ ఫోటో వైపు చూశాడు.

"గీయినే కాదా?"

"నేను కాదు," అన్నాడు మా ఆయన తడుముకోకుండా. "మా అన్న."

"మరి మీ అన్న ఏడి?"

"గుట్ట ఎక్కద్దన్నరు గదా. ఇంటికాడ ఉన్నడు."

తాత గడ్డం గోక్కున్నాడు. "మీ అన్నకు గాలి ఉంటే నీకు అంటకుంట ఉంటదా? ఒక్క ఇంట్ల తినలేదా, పండలేదా? ఇద్దరూ ఎక్కద్దు, పోండ్లి."

నేను తాడు దగ్గరికి వెళ్లి ఫోటో తిప్పి చూశాను. మా రిసెప్షన్ ఫోటో. అందులో మా ఆయన పక్కన నేను ఉండాలి. ఉన్నదల్లా ఆయన భుజం మీద ఒక చెయ్యి, నిండా గాజులతో. మిగతా నన్నంతా ఎవరో కత్తెరతో చక్కగా కోసేశారు.

"ఈ ఫోటో ఎవలిచ్చిండ్లు తాతా?"

"ఎవలో పట్నపాయన. బండి మీదొచ్చిండు. హెల్మెట్ పెట్టుకున్నడు."

"మొఖం ఎట్లున్నది?"

"హెల్మెట్ లెక్కనే ఉన్నది. తీస్తే గదా! గీ ఎండల నిమ్మళంగ కూసోని చల్ల తాగయ్యా అంటే గూడ తియ్యలే. అద్దం జరంత లేపి, మా మనుమరాలి జూస్ పైపు అడుక్కొని, దాంతోని జుర్రిండు."

"జుర్రి ఏమన్నడు?"

"ఈ మనిషికి గాలి ఉన్నది, మీ గుట్ట మీద ఇడిచి పోదామని వస్తాండు, జర పైలం అన్నడు. మాకెందుకమ్మా గీ పరేషాన్?"

మా ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "పా, పోదాం" అన్నాడు. పాపం, గుండె పగిలి ఉంటుంది అనుకున్నాను. ట్రాలీ తిప్పుకుని వరంగల్ దారి పట్టాం. దారి పొడుగునా నా తలలో ఒకటే తిరిగింది. నన్ను కోసేసినవాడు ఎవడైనా సరే, వాణ్ణి వదిలేది లేదు.

స్టేషన్ రోడ్డులో టార్పాలిన్ల దుకాణం మా మామయ్య సోమనర్సయ్యది. కింద దుకాణం, వెనక ఇల్లు, పైన మేడ. ఆ మేడ మీద చలికాలమంతా ఫోన్లో వీడియోలు చూస్తూ మా ఆయన ఈ రెక్క తయారు చేశాడు. అల్యూమినియం పైపులు, ఇనుప తీగలు, బజారులో పారాచూట్ గుడ్డ అని అమ్మే పల్చటి నైలాను. ఇంజను లేదు, చక్రం లేదు. రెక్క కింద బెల్టులు కట్టుకుని వేలాడుతూ, గుట్ట వాలు మీద ఉరికితే గాలే పైకి లేపుతుంది. గుడ్డ కుట్టింది నేను, దుకాణంలోని పెద్ద మిషను మీద. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అదే. కుడుతుంటే ఆయన గుడ్డ అంచు పట్టుకుని నా వెంట నడిచేవాడు. అటు చివర్నుంచి ఇటు చివరకు అలా ఎన్నిసార్లు ఏడడుగులు పడ్డాయో.

మామయ్య చాలా రోజులు పైకి రాలేదు. ఒకనాడు వచ్చాడు. విప్పి పరిచిన రెక్క చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. మేము తిట్లకు సిద్ధమయ్యాం.

"ఇది మీద పోతాంటె కిందున్నోళ్లకు ఏ దిక్కు కనవడతది?" అన్నాడు.

"కడుపు దిక్కు నాయినా," అన్నాడు మా ఆయన.

మర్నాడు బోర్డులు రాసే పెయింటర్ వచ్చాడు. సాయంత్రానికి రెక్క కడుపు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఎర్రటి అక్షరాలు పడ్డాయి: 'సోమనర్సయ్య టార్పాలిన్స్. చినుకు దిగదు.'

"ఇగ ఇను," అన్నాడు మామయ్య కొడుకుతో. "మృగశిర లోపల ఎగరాలె. వడ్ల కుప్పల మీదికి రైతులు కప్పు కొనేది గప్పుడే. కార్తె దాటినంక నువ్వు చంద్రుని మీదికి పోయినా నాకు లాభం లేదు. ఎగరలేదనుకో, గుడ్డ కోసి అమ్ముత, పైపులు తుక్కుకు ఏస్త, మేడ మళ్ల గోదాం చేస్త. నువ్వొచ్చి గల్ల కాడ కూసోవాలె, మళ్ల ఎగురుడు మాటెత్తద్దు."

"ఎగురుత నాయినా," అన్నాడు మా ఆయన ఛాతీ విరిచి. మామయ్య సాయంత్రానికల్లా బజారంతా చెప్పేశాడు. కొత్త కొడుకు పుట్టినట్టు పేడా కూడా పంచాడు.

ఇక గుట్ట వెతకాలి. వరంగల్ చుట్టూ గుట్టలకు కరువా? కానీ మాకు కావాల్సిన గుట్టకు ఒకవైపు బోడి వాలు ఉండాలి, కింద చదును పొలం ఉండాలి, పైకి పోనిచ్చే మనుషులు ఉండాలి. చూసిన మొదటి గుట్ట దేవుడిది. రెండోది అడవిశాఖది. మూడోది సగం గుట్టగా ఉంది, మిగతా సగం గ్రానైటై లారీలెక్కి వెళ్లిపోయింది. ఎందుకైనా మంచిదని ఒక పోలీస్ స్టేషన్‌లో అడిగితే, అక్కడి ఎస్సై గారు సావధానంగా విని, "ఎగిరితే ఏ సెక్షనో చూడాలమ్మా. పడితే మాత్రం నాకు తెలుసు" అన్నాడు.

నర్సంపేట వైపు పల్లెల్లో తిరగడం మొదలుపెట్టాం. గుట్ట ఒక్కటే ఉంటే చాలదు, దానికి ఎదురుగాలి కొట్టాలి. అందుకని మా ఆయన ఏ ఊరికి వెళ్లినా మొదట అదే అడిగేవాడు. ఒక ఊళ్లో, ఇంటి ముందు చేటతో చెరుగుతున్న మొగిలమ్మ అనే ముసలమ్మను అడిగాడు:

"అవ్వా, మీ గుట్టకు గాలి ఉన్నదా?"

చేట ఆగింది. "ఎవడు చెప్పిండు నీకు?"

"ఎవలు చెప్పలే. మస్తు గాలి ఉంటదేమో అని..."

"మా గుట్టకు గాలి లేదు! ఏనాడు లేదు! గాలి ఉన్నది పక్కూరి గుట్టకు. ఆడికి పో!"

పక్క ఊరికి వెళ్లాం. "మాకెక్కడిది? ఆ గాలి వాళ్లదే. మా పొలిమేరల ఇడిచిపోవాలని చూస్తాండ్లు, మేం పడనిస్తలేం" అన్నారు. ఇంత మంది ఇంత కోపంగా గాలి లేదంటుంటే మా ఆయనకు అనుమానమొచ్చి, తానే పరీక్ష చేద్దామనుకున్నాడు. కర్రకు ఎర్ర రిబ్బను కట్టి పైకెత్తాడు. వంగి గుప్పెడు మట్టి తీసుకుని, కళ్లు సగం మూసి, మెల్లగా వదిలాడు. మట్టి ఎటు పోతుందో చూడ్డానికి. చుట్టూ మూగిన జనం క్షణంలో మాయమయ్యారు. తలుపులు ధన్ ధన్ మని పడ్డాయి.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. హన్మకొండలో పుట్టి పెరిగిన నాకు గాలంటే ఫ్యాను గాలి. వీళ్లకు గాలంటే సోకేది, పట్టేది, పీడించేది. మేము ఊరూరా తిరిగి "మీ దగ్గర దయ్యముందా, మస్తుగ ఉంటదా" అని అడుగుతున్నాం!

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే ఇంట్లో నలుగురం కడుపు పట్టుకుని నవ్వాం. అత్తమ్మకైతే పొలమారింది. మర్నాటి నుంచి ప్రశ్న మార్చాం. "గద్దలు ఏ గుట్ట మీద తిరుగుతయి?" అని అడిగాం. గద్దలు రెక్కాడించకుండా తిరుగుతున్నాయంటే అక్కడ గాలి పైకి లేస్తోందన్నమాట. జనం నవ్వుతూ చూపించారు. రెండు ఊళ్లలో గుట్ట ఎక్కమన్నారు. రెండూ మూడో రోజుకల్లా వద్దన్నారు. రెండోదే గద్దలపాడు.

గుట్ట దొరికేలోపు సాధన ఆగకూడదని, ఊరి బయట మూతబడ్డ ఇటుక బట్టీ దగ్గరికి వెళ్లేవాళ్లం. అక్కడ మట్టి దిబ్బ ఒకటి ఉంది, ఇంటి కప్పంత ఎత్తు, పల్లంగా దిగే వాలు. మొదటి రోజు మా ఆయనే రెక్క ఎత్తుకుని ఉరికాడు. రెక్క లేవలేదు, ఆయన బోర్లా పడ్డాడు, నోట్లోకి మట్టి పోయింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన లేచి మూతి తుడుచుకుని రెక్క వైపు చాలాసేపు చూశాడు.

"నువ్వు ఎత్తుకో," అన్నాడు. "ఎట్ల లేస్తదో నేను కిందికెళ్లి చూడాలె. చూస్తేనే తెలుస్తది."

బెల్టులు నాకు కట్టాడు. రెక్క మూతికి ఒక తాడు కట్టి తను పట్టుకున్నాడు. నేను చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ఉరికాను. నాలుగడుగుల తర్వాత ఐదో అడుగుకు నేల దొరకలేదు. ఎవరో వెనకనుంచి జాకెట్టు పట్టుకుని మెల్లగా ఎత్తినట్టయింది. ఒక చెప్పు జారిపోయింది. చెవుల పక్క గుడ్డ సన్నగా పాడుతోంది, నేను కుట్టిన గుడ్డ. తర్వాత పాదాల కింద మళ్లీ మట్టి తగిలింది.

"ఎట్లున్నది?" అన్నాను రొప్పుతూ.

"మంచిగనే ఉన్నది," అన్నాడు ఆయన. నా చెప్పు ఆయన చేతిలో ఉంది. ఆ తర్వాత బట్టీకి వెళ్లినప్పుడల్లా నేనే ఉరికాను, ఆయన కింద నిలబడి చూశాడు. పాపం, ఎంత శ్రద్ధ అనుకునేదాన్ని.

గద్దలపాడు నుంచి తిరిగొచ్చిన రోజు నేను పోలీసు బుర్రతో ఆలోచించాను. హెల్మెట్ మనిషి వాడిన మాట ఏమిటి? గాలి. ఆ మాటతో పల్లెలు జడుసుకుంటాయని తెలిసింది ఎవరికి? ఆ రాత్రి కంచాల ముందు కూర్చుని నవ్విన నలుగురికి. రిసెప్షన్ ఫోటో ఎక్కడుంది? మా ఇంట్లో. దొంగ బయటివాడు కాదు. నేను కాను. రెక్క కట్టినవాడు తన రెక్కను తాను ఆపుకోడు. మిగిలింది ఇద్దరు.

మధ్యాహ్నం మామయ్యకు అన్నం వడ్డిస్తూ అడిగేశాను.

"మామయ్యా, నిన్న బండి మీద గద్దలపాడు పోయిండ్రా?"

"ఎందుకు బిడ్డా?"

"హెల్మెట్ పెట్టుకొని."

మామయ్య ముద్ద కంచంలో పెట్టి నన్ను చూశాడు. "నీ మామ నెత్తి చూసినవా? ఏ కంపెనీ హెల్మెటన్న పడతదా? పోలీసోళ్లే పట్టి పట్టి ఇడిచిపెట్టిండ్లు." తర్వాత ఆయనకు విషయం అర్థమైంది. మొహం ఎర్రబడింది. "నేను అడ్డం పడ్డననుకుంటానవా? రెక్క మీద ఎవని పేరున్నది? నా పేరు నేనే కింద పండబెట్టుకుంటనా? నాకు వద్దనుకుంటే మేడకు తాళమేస్త, తాళంచెయ్యి జేబుల పెట్టుకుంట. ఊరూరు తిరిగి జూస్ పైపుతోని చల్ల తాగే ఖర్మ నాకేంది?"

నిజమే. ఇది తాళం వేసే మనిషి పని కాదు. క్షమించమన్నాను. ఆయన క్షమించి ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాడు.

అత్తమ్మ సరస్వతి మేడ మెట్ల పక్కన పాత టార్పాలిన్ ముక్క మీద చల్ల మిరపకాయలు ఎండబెడుతోంది. ఆమెకు ఈ ఎగురుడు మొదటినుంచీ ఇష్టం లేదు. రెక్క పైపుకు రహస్యంగా తాయెత్తు కట్టింది, నేను చూశాను. పక్కన కూర్చుని మిరపకాయలు పరుస్తూ మెల్లగా మొదలుపెట్టాను.

"అత్తమ్మా, మీరు గిట్ల ఆ ఊరోళ్లకు ఏమన్న చెప్పి పంపిండ్రా?"

"నేనా? నేనెందుకే చెప్తా? నాకు వాణ్ణి ఆపాలనిపిస్తే ఈడనే కూసోని ఏడుస్త. ఒక్క పూట ఏడిస్తే చాలు, వాడు ఎగరడు. గుట్టలు తిరుగుడెందుకు నాకు, మోకాళ్ల నొప్పులతోని?"

ఇదీ నిజమే. మా అత్తమ్మ ఏడుపు శక్తి నాకు తెలుసు. కాజీపేట రైల్వే క్వార్టర్సులో ఉండే మా ఆడబిడ్డ ఆ ఏడుపు దెబ్బకే ఢిల్లీ ట్రాన్స్‌ఫర్ మానుకుంది.

"మరి మా రిసెప్షన్ ఆల్బం మీ బీరువల ఉన్నదా?"

"లేదు. రమాకాంత్ తీసుకపోయిండు. స్కానింగ్ చేపిస్తడట."

"స్కానింగా?"

"ఆ. కత్తెర గూడ అడిగిండు."

నా చేతిలో మిరపకాయ చిట్లింది. అత్తమ్మ ఏదో చెబుతూనే ఉంది, నాకు వినిపించలేదు. ఊరి జనం ఒప్పుకున్న మర్నాడల్లా మా ఆయన హెల్మెట్ పెట్టుకుని కాజీపేటకు బోల్టులు తెస్తానని వెళ్లేవాడు. పోయి సాయంత్రానికి వచ్చేవాడు. ఆయన తెచ్చానన్న బోల్టులన్నీ ఆ రెక్కకు బిగిస్తే అది రైలింజనయ్యేది.

ఆ సాయంత్రం ఆయనను ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, అన్న అంటాడు, తమ్ముడంటాడు. మృగశిర దగ్గర పడుతోంది. మామయ్య అప్పుడే కత్తెరకు సాన పట్టిస్తున్నాడు. ఎందుకు ఆపుతున్నాడో తెలియాలంటే ఆపలేని చోట నిలబెట్టాలి.

మర్నాడు మా ఆయన బోల్టులకు కాదు, నిజంగానే దుకాణం పని మీద డోర్నకల్ వెళ్లాడు. నేను మామయ్యను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని రేగులపల్లెకు పోయాను. ఆ ఊరి గుట్ట గురించి మా ఆయనకు చెప్పలేదు. సంత రోజు ఎవరో అంటుంటే విన్నాను. బోడి గుట్ట, మెల్లగా దిగే వాలు, కింద దున్నిన మెత్తటి చెలక. సర్పంచ్ సమ్మమ్మ ట్రాక్టరు ట్రాలీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. మేము ఎవరమో చెప్పకముందే ఫోన్ మా వైపు తిప్పింది. మా ఆయన ఫోటో. నా చెయ్యి.

"గ్రూపుల వచ్చింది," అన్నది. "'ఈ మనిషికి గాలి ఉన్నది, అందరికి పంపుండ్లి' అని. మీ మనిషేనా?"

మామయ్య కాదనబోయాడు. నేను ముందే అందుకున్నాను.

"అవును సమ్మమ్మత్తా. మా ఆయనే. గాలి ఉన్నది."

మామయ్య నా కొంగు లాగాడు. నేను ఆగలేదు.

"మామూలు గాలి కాదు. పొద్దు లేస్తే ఎగురుత ఎగురుత అంటడు. తిండి సయిస్తలేదు. ఆ గాలి దిగాలంటే ఒక్కటే తొవ్వ. గుట్ట మీదినుంచి దింపాలె. ఒక్కసారి దిగిందంటే మళ్ల మీ ఊరి దిక్కు రాదు."

సమ్మమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత ట్రాలీ మీదినుంచి దిగి, నా చెవి దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నా కొడుకు ఫ్యాన్లు రిపేర్ చేస్తడు. ఏ గాలి ఏందో నాకు తెల్వదా? మీరు ట్రాలీ మీద రెక్క ఏసుకొని తిరిగే వీడియో నేను గూడ చూసిన." అని గొంతు పెంచి, చుట్టూ చేరిన వాళ్లకు వినబడేలా, "గాలి దించుతరట! ఊరికి మంచిదేనట! అందరు రావాలె!" అన్నది. మళ్లీ గొంతు తగ్గించి, "ఫోటోల నేను నడుమ ఉండాలె. రెక్క కనవడాలె, నేను కనవడాలె. మీ మామ పక్కకుంటడు."

"పక్కకెందుకు?" అన్నాడు మామయ్య.

"పేరు పైనుంచి పోతాంది గదనే, అన్నా. మనిషి గూడ నడుమనే కావాల్నా?"

అలా గుట్ట దొరికింది.

ఆదివారం పొద్దున్నే మా ఆయనను లేపాను. "లేవండి. ట్రాలీ తియ్యండి. రెక్క కట్టిన."

నాకు కోపమొస్తే ఆయన్ను 'మీరు' అంటానని ఆయనకు తెలుసు. గబుక్కున లేచి కూర్చున్నాడు. "ఏడికి?"

"బోల్టులకు."

బండి ఊరు దాటాక అడిగాను.

"గద్దలపాడు చల్ల ఎట్లుండె?"

ట్రాలీ ఒక్కసారి పక్కకు ఊగి సర్దుకుంది. రేగులపల్లె దాకా నేను దారి చెప్పాను, ఆయన బండి నడిపాడు.

ఊరంతా గుట్ట దగ్గరుంది. డప్పులు తెచ్చారు. వేపమండలు తెచ్చారు. పక్క ఊరినుంచి కట్టయ్య తాత కూడా వచ్చి, అన్నను దించుతున్నారా తమ్ముణ్ణి దించుతున్నారా అని అందరినీ అడుగుతున్నాడు. మామయ్య కింద చెలక గట్టు మీద నిలబడి, వచ్చినవాడికల్లా టార్పాలిన్ కొలతలు చెబుతున్నాడు. అత్తమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, "అయిపోయినంక చెప్పుండ్లి" అని చెట్టు వైపు తిరిగి కూర్చుంది. సమ్మమ్మ మమ్మల్ని పక్కన పెట్టుకుని, రెక్క ముందు నడుమ నిలబడి ఫోటో దిగింది.

పైన మేమిద్దరమే మిగిలాం. రెక్క విప్పి, పైపులు బిగించి, తీగలు లాగి చూశాం. మాటల్లేకుండానే ఆయన ఒక కొస పట్టుకుంటే నేను ఇంకో కొస పట్టుకున్నాను. ఎదురుగాలి చెలక మీదినుంచి వాలు పట్టుకుని మెత్తగా పైకొస్తోంది. పైన రెండు గద్దలు రెక్కాడించకుండా తిరుగుతున్నాయి. ఇంతకంటే మంచి పొద్దు వేసవంతా దొరకలేదు.

కింద డప్పు మొదలైంది.

ఆయన రెక్క కింద దూరి, పైపు భుజాల మీద ఎత్తుకుని నిలబడ్డాడు. నేను పక్కకు జరిగాను. డప్పు జోరందుకుంది. ఆయన నిలబడే ఉన్నాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుంది. డప్పు ఆగి, మళ్లీ మొదలైంది.

"ఉరుకుండి," అన్నాను.

ఆయన రెక్కను మెల్లగా కింద పెట్టి బయటికొచ్చాడు. బెల్టులు చేతిలో పట్టుకుని నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నా కాలు ఎత్తి బెల్టులోకి దూర్చాడు. రెండో కాలు దూర్చాడు. నడుము దగ్గర బకిల్ పెడుతూ, తల ఎత్తకుండా మాట్లాడాడు.

"నేనే. హెల్మెటూ నేనే, ఫోటో కోసింది నేనే, గ్రూపుల పెట్టింది నేనే. భయపడ్డననుకుంటానవ్ కావచ్చు. పడేటోణ్ణి నేనైతే నాకు ఫికర్ లేకుండె. మొదటి దినం బట్టీకాడ బోర్ల పడ్డ జూడు, ఆ సాయంత్రం లెక్క మళ్ల చేసిన. పైపులు సన్నయి తెచ్చిన. గీ రెక్క నన్ను మొయ్యదు. తిండి బందువెట్టినా మొయ్యదు. గప్పటికే నాయిన పేడా పంచిండు. ఎగరనని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? గుట్టే దొరకలేదంటే ఇజ్జత్ దక్కుతదనుకున్న... ఆగు, కదలకు, ఇంకో బకిల్ ఉన్నది. గంతే అయితే నీకొక్కదానికన్న చెప్పేటోణ్ణి. కానీ నా ఎనుక నువ్వు ఎత్తుకున్నవ్. ఉరికినవ్. లేచినవ్. నేను కింద తాడు పట్టుకొని నిలబడ్డ, నువ్వు ఒక్కసారి గూడ కిందికి చూడలే. నన్ను మర్చిపోయినవ్. నీ మొఖం అట్ల ఎన్నడు చూడలే నేను, పెండ్లిల గూడ చూడలే. గీ రెక్క నిన్ను మొయ్యడానికే పుట్టిందని సమజైంది. ఆ మాట చెప్తే నువ్వు గుట్ట ఎక్కుతవ్. నేను చేసిన రెక్క మీద నువ్వు పోతాంటె నేను కిందినుంచి చూసుకుంట ఉండాలె. నువ్వు పడితే ఎట్లనని సగం భయం. పడకపోతే ఎట్లనని సగం కుళ్లు. ఏది ఎంతనో నాకే తెల్వది, స్రవంతీ, ఒట్టు. ఇగ నాతోని కాదు. బెల్టు సరిపోయిందా? జర ఊపిరి పీల్చు... ఆ. నువ్వు ఉర్కు. నేను ఇటు పక్కనుంచి కిందికి ఉర్కుత. చెలకల ఎవలు ముందుగాల దిగుతరో చూద్దాం."